ఎత్తుకు పారిన కాలువ

మృగశిర కార్తె వచ్చి నాలుగు రోజులైంది. బడులు తెరిచారు గాని వాన మొహం చూపలేదు. ఆ పొద్దున మా వాకిట్లో ఒక స్కూటీ ఆగింది. దిగినామె మా ఊరి బడిలో కొత్తగా చేరిన సైన్సు టీచరు, పేరు తేజస్విని. తెల్లాపూర్‌లో ఎక్కడో పదకొండో అంతస్తులో ఉంటుందట, రోజూ అక్కడి నుంచే వస్తుంది. హెల్మెట్ తీయకుండానే అడిగింది.

"నీరటి అంజయ్య గారి ఇల్లు ఇదేనా అండీ?"

"ఇదే. ఆయన లేడు."

"ఎప్పుడొస్తారు?"

పోయి తొమ్మిదేళ్లయిన మనిషి ఎప్పుడొస్తాడంటే ఏం చెప్పను. "ఇగ రాడు బిడ్డా," అన్నాను. అప్పుడు హెల్మెట్ తీసింది. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు నా గోడకు తగిలించిన క్యాలెండరును చూసి, తర్వాత మెల్లగా తన అవసరం చెప్పింది. ఏడో తరగతి పిల్లలతో 'మన ఊరి నీళ్లు' అని ఒక పని చేయిస్తున్నదట. వానాకాలం అయిపోయేలోపు ఊరి చెరువు, వాగు, కాలువలు, బోర్లు అన్నీ ఒక పటం మీద గీయాలి. పుస్తకంలో పరీవాహక ప్రాంతం అని పాఠం ఉన్నది, అది పిల్లలకు అర్థం కావడం లేదు.

"నాకు గూడ అర్థం కాలేదు," అన్నాను.

"అదే అండీ, పైన పడిన వాన ఎక్కడెక్కడి నుంచి పారి ఒక చెరువులోకి చేరుతుందో, ఆ నేలంతా."

"గది చెప్పొచ్చు గదా మరి."

మా ఆయన ఊరికి నీరటి. చెరువు తూములు ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పోవాలో పంచడం ఆయన పని. ఆయన తండ్రిదీ అదే పని. చెరువు కింద వరి పోయి ప్లాట్లు, గోదాములు వచ్చినాక ఆ పని పోయింది. కాని కాలువ ఎక్కడ తిరిగేది, ఏ గట్టు కింద ఊట ఉండేది, ఆయన వెంట సద్ది పట్టుకొని తిరిగిన నాకు తెలుసు. ఇప్పుడు ఊర్లో ఇంకెవరికీ తెలియదు. ఆ సంగతి టీచరుకు చెప్పింది హెడ్మాస్టరు రాజారావు. చెప్పి ఆయన చేతులు దులుపుకున్నాడు, బరువు నా మీద పడ్డది.

శనివారం బడికి పోయాను. ఇరవై ఆరు మంది పిల్లలు. ముందుగా నేనే అడిగాను.

"మనకు నీళ్లు ఎక్కడికెల్లి వస్తయి రా?"

"డబ్బాల ఆటోలకెల్లి," అన్నది నిహారిక అనే పిల్ల. ముందు వరుసలో కూర్చుంది, జవాబు చెప్పడానికి పుట్టినట్టుంటుంది.

"ఆటోలకు ఎక్కడికెల్లి వస్తయి?"

"సమద్ అంకుల్ ప్లాంటుకెల్లి."

"ప్లాంటుకు?"

"మోటరుకెల్లి."

"మోటరుకు?"

క్లాసంతా ఒక్క గొంతుతో అన్నది: "కరెంటుకెల్లి."

రాజారావు కిటికీలోంచి విని నవ్వుకుంటూ పోయాడు. నాకు నవ్వు రాలేదు. తల పట్టుకున్నాను. వీళ్ల తాతల కడుపు నింపిన చెరువు బడి గోడకు అవతల ఉన్నది, వీళ్లకేమో నీళ్లు కరెంటు తీగలోంచి కారుతున్నాయి.

మరుసటి శనివారం వడ్లు ఎండబోసే పరదా ఒకటి మోసుకుపోయాను. బడి ఆవరణలో ఇటుకలు పేర్చి, దాని మీద పరదా కప్పి, అక్కడక్కడ నొక్కి గుంటలు చేశాను. బకెట్‌తో పైనుంచి నీళ్లు పోశాను. నీళ్లు మడతల వెంట జారి గుంటల్లో నిలిచాయి. ఒక గుంట నిండి, అంచు దాటి కింది గుంటలోకి దుంకింది.

"గిదే మత్తడి. చెరువు నిండినంక మీద పారేది. గీ మడతలన్నీ వాగులు. ఎత్తుల ఉన్నది పల్లానికి వస్తది. ఎవ్వడు చెప్పినా, ఎన్ని పైసలిచ్చినా నీళ్లు ఎత్తుకు పోవు. రాసుకోండ్రి."

అందరూ రాసుకున్నారు. సమద్ బిడ్డ ఆలియా మాత్రం రాసుకోలేదు. బడి వంట కాడి నుంచి చిటికెడు పసుపు తెచ్చి, పైమడతలో వేసి మళ్లీ నీళ్లు పోసింది. ఆ పసుపు ఎక్కడ తేలుతుందో కూర్చొని చూసింది. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. నా పాణం తీసింది మాత్రం ఆ పిల్లే.

*

జులై రెండో వారంలో గట్టి వాన పడ్డది. రెండు దినాలు విడవకుండా కొట్టింది. మూడో రోజు టీచరు పిల్లలను చెరువు కాడికి తీసుకుపోదామన్నది. నేను వద్దంటే వినలేదు. ఇరవై ఆరు మంది పిల్లలు, బురద కట్ట, పక్కన నిండు నీళ్లు. ఎవరన్నా నా కళ్ల ముందు నుంచి పక్కకు పోతే చాలు, ఇక వస్తారో రారో అనిపిస్తుంది నాకు. మా అక్కను బీదర్ దిక్కు ఇచ్చారు, ఎడ్లబండి వంపు తిరిగిన దాకా చూశాను, తర్వాత బతికినన్నాళ్లలో రెండుసార్లే చూశాను. మా ఆయన పటాన్‌చెరుకు మాత్రల కోసం పోయొస్తానని పోయాడు, అంబులెన్సులో తెచ్చారు. అందుకని కట్ట మీద నడుస్తూ ప్రతి పది అడుగులకు పిల్లల తలలు లెక్కపెట్టాను. ఇరవై ఐదు వచ్చినప్పుడల్లా మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాను. ప్రతిసారీ ఆ ఇరవై ఆరోది ఆలియానే, ఎక్కడో వంగి ఏదో చూస్తుండేది.

పైన మందుల కంపెనీల వైపు నుంచి వచ్చే వాగు చెరువులో కలిసే కాడ నడుముల ఎత్తు నురగ నిలిచి ఉన్నది. తెల్లగా, మెత్తగా, గాలికి ఊగుతూ. నిహారిక రెండు చేతులా తీసి పక్కపిల్ల నెత్తిన పెట్టింది.

"బర్త్‌డే నురగ టీచర్," అన్నది.

"చేతులు కడుక్కో," అని టీచరు అరిచింది.

"ఎక్కడ కడుక్కోవాలె టీచర్?"

టీచరు చెరువు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది, తన సీసాలోని నీళ్లు పోసింది. ఆ నీళ్లు గూడ సమద్ ప్లాంటువే.

ఆమె దగ్గర బొమ్మల కాగితం ఒకటి ఉన్నది. ఏ పురుగు ఉంటే నీళ్లు ఎట్లాంటివో దాన్ని చూసి చెప్పొచ్చట. పిల్లలు జల్లెడలతో బురద తోడి, పళ్లెంలో పోసి ఏరారు. తూనీగ పిల్లలు లేవు. నత్తలు లేవు. సన్నని ఎర్ర పురుగులు మాత్రం పళ్లెం నిండా మెలికలు తిరుగుతున్నాయి. "అరవై ఒకటి టీచర్, మస్తు జీవులున్నయి మన చెరువుల," అని నిహారిక సంబరపడ్డది.

"ఇవి గాలి ఆడని బురదలో కూడా బతుకుతాయి నాన్నా," అన్నది టీచరు. "మిగతావన్నీ పోయినా ఇవే మిగులుతాయి."

ఇదివరకు ఏముండేవో చెప్పమంటే చెప్పాను. పరకలు, జెల్లలు, బొమ్మెలు, కొర్రమట్టలు, ఎండ్రికాయలు. మృగశిర నాడు ఊరంతా చేపల పులుసు వాసన కొట్టేదని చెప్పాను. పిల్లలు వరుసగా పేర్లు రాసుకున్నారు. ఒకడు, "కొర్రమట్ట స్పెల్లింగ్ ఏంది అవ్వా," అన్నాడు. తెలుగులో రాయరా నాయనా అన్నాను. తెలుగులోనే అడుగుతున్న అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు టీచరు అసలు సంగతి చెప్పింది. పిల్లల దగ్గరున్న మీటరు నీళ్లలో ఉప్పు ఎంతుందో మాత్రమే చూపిస్తుంది. మందులు, రసాయనాలు దాంట్లో తెలియవు. వాటికి పట్నంలో ఒక లాబ్ ఉన్నది, ఆమె సీనియర్ ఒకామె అక్కడ పనిచేస్తుంది. ఊరికే చేసిపెడతానన్నది గాని, రెండే సీసాలు తెమ్మన్నది.

"ఊళ్లో బోర్లు నలభై దాకా ఉన్నాయి. ఏ రెండు పంపాలో ఎలా తెలుస్తుంది? అందుకే ఈ పటం అమ్మా. చెరువు నీళ్లు పాత కాలువల వెంట భూమి లోపల ఎక్కడికి ఊరుతున్నాయో, ఆ దారిలో ఉన్న రెండు బోర్లు పంపుతాను. మీరు మూడు తూముల కాలువలు చూపిస్తే చాలు."

సరేనన్నాను. ఇంటికి వచ్చి మంచం మీద కూర్చొని చూస్తే, చెప్పులు గూడ విడవలేదు.

*

సమద్ తల్లి బేగంబీ, నేను ఒకే ఏడు ఈ ఊరికి కోడళ్లుగా వచ్చాం. వాళ్ల కిరాణా దుకాణంలో పొట్లాలు కట్టే పాత పేపర్లను నా కోసం దాచిపెట్టేది. వాటిని ముందేసుకునే నేను అక్షరాలు కూడబలుక్కొని చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆ దుకాణం లేదు. దాని వెనక రేకుల షెడ్డులో సమద్ నీళ్ల ప్లాంటు పెట్టాడు. బేగంబీ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, మూతలు సరిగా బిగించారా లేదా అని డబ్బాలను ఒక్కొక్కటిగా తట్టి చూస్తుంది. ఊర్లో నన్ను పేరు పెట్టి పిలిచే మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. మిగతావాళ్లందరికీ నేను అవ్వనే.

మరునాడు మధ్యాహ్నం పోయేసరికి ఆలియా మీటరు పెట్టి ప్లాంటు నీళ్లు చూస్తున్నది.

"ఆవ్ నర్సిమ్మ టీచర్, ఆవ్," అన్నది బేగంబీ. "హోంవర్క్ దెచ్చినవా? మా పోరి సూడు, పొద్దటి సంది నా చాయ్‌ల, నా నమాజు వజూ చెంబుల, అన్నిట్ల గా పుల్ల ముంచుతున్నది. పరేషాన్ జేస్తున్నది."

"నలభై వచ్చింది దాదీ," అన్నది ఆలియా.

"సూసినవా, నలభై. నీ బీపీ కన్న తక్కువ." బేగంబీ నాకు ఒక గ్లాసు ముంచి ఇచ్చింది. "నీ మొగని చేతి మహిమ నర్సిమ్మా. రెండు బోర్లు వట్టిగ పోతె, గాయన వచ్చి మడిమెతోని తొక్కి, ఈడ వెయ్ ఫజలూ భాయ్ అన్నడు. నడెండల గూడ ఒక్కనాడు ఎండిందా?"

ఎండలేదు. ఎందుకు ఎండుతుంది. మా ఆయన మడిమెతో తొక్కిన జాగ మూడు తూముల్లో అన్నిటికన్నా అడుగున ఉండే లోతు తూము కాలువ పోయి పడే ఊటబావి. చెరువులో చెంబెడు నీళ్లున్నా మొదట ఊరేది అక్కడే. బావి పూడ్చి, కాలువ పూడ్చి, మీద ఇండ్లు కట్టారు. నేల లోపల దారి మాత్రం పోలేదు. అది ఎరిగినవాళ్లు ముగ్గురు. మా ఆయన, బేగంబీ మొగడు ఫజలుద్దీన్, నేను. ఇద్దరు పోయారు. బేగంబీ మాత్రం దాన్ని చేతి మహిమ అనుకుంటూనే ఉన్నది.

గ్లాసు ఎత్తి తాగాను. రెండు మూడు వానాకాలాల నుంచి ఆ నీళ్లలో ఏదో వాసన ఉన్నది, మందుల దుకాణంలోకి అడుగుపెట్టినప్పుడు వస్తుందే, అట్లాంటిది. మా కోడలికి మరగబెట్టి చల్లార్చమని చెప్పాను, ఎందుకో చెప్పలేదు. బేగంబీకి ఆ మాట గూడ చెప్పలేదు.

"ఏంది, మొహం గట్ల వెట్టినవ్?" అన్నది.

"పండ్లు జివ్వుమన్నయి," అన్నాను.

ప్లాంటు లేకపోతే సమద్‌కు ఈ ఊర్లో పని లేదు. అతని భార్య తల్లిగారిది సంగారెడ్డి, బామ్మర్దులు ఎప్పటి నుంచో రమ్మంటున్నారు. ప్లాంటు మూత పడ్డదంటే ఇల్లంతా లేచిపోతుంది, కుర్చీతో సహా.

*

రెండు తూముల కాలువలు ఉన్నవి ఉన్నట్టు చూపించాను. మూడోది అడిగినప్పుడు చెయ్యి రోడ్డు దిక్కు చూపించాను. "లోతు తూముది గట్ల పడమరకు పోయి, ఇప్పుడు లారీలు తూచే కాంటా ఉన్నది గదా, గాడ ఎండిపోయేది. అక్కడ బోర్లు లేవు," అన్నాను. ఆలియా గీత గీసింది. టీచరు థాంక్స్ అమ్మా అన్నది. ఇంతే కదా, అయిపోయింది అనుకున్నాను. ఆ వారం కంటినిండా నిద్రపోయాను గూడ.

శనివారం నేను పోయేసరికి నలుగురు ఆడపిల్లలు గేటు కాడ నిలబడి ఉన్నారు. ఆలియా చేతిలో మేస్త్రీలు వాడే లెవల్ పైపు. సన్నని తెల్ల పైపులో నీళ్లు నింపి, రెండు కొసలు రెండు చోట్ల పట్టుకుంటే, నీళ్లు రెండు దిక్కులా ఒకే ఎత్తులో నిలుస్తాయి. ఏ నేల ఎత్తో, ఏది పల్లమో దానితో తెలిసిపోతుంది. టీచరు ఆ వారమే నేర్పిందట.

"అవ్వా, నువ్వు జెప్పిన కాలువ కొలిచినం," అన్నది ఆలియా. "తూము కన్న కాంటా కాడ నేల మూడు జానలు ఎత్తున్నది."

"లారీలోళ్లు మట్టి పోసిండ్రు, గందుకే."

"మట్టి కాడ కొలవలే అవ్వా. కాంటా పక్కన బండ ఉన్నది గదా, దాని మీద పెట్టి కొలిచినం. బండ ముందు సంది ఉంటది గదా."

"మీకు పైపు పట్టుకొనుడు రాదు."

"మూడుసార్లు పట్టినం," అన్నది నిహారిక. "నీళ్లు ఎత్తుకు పోవని నువ్వే రాయించినవ్. చూడు." నోట్‌బుక్ తెరిచి చూపించింది. నా మాటే, తేదీతో సహా ఉన్నది.

మా మామ ఈ ఊరికి నీరటి. మా ఆయన నీరటి. ఆ ఇంటి కోడలు కాలువను మూడు జానలు ఎత్తు ఎక్కించి పారించింది. పన్నెండేళ్ల పిల్లలు రబ్బరు పైపుతో పట్టుకున్నారు. సిగ్గుతో కోపం వచ్చింది. "చదువుకొమ్మని బడికి తోలితే రోడ్ల మీద పైపులు పట్టుకొని తిరుగుతరా," అని కసిరి ఇంటికి వచ్చేశాను. వెనక నుంచి టీచరు పిలిచింది, వినపడనట్టు నడిచాను.

ఆదివారం బేగంబీ దగ్గరికి పోయాను, చెప్దామనే. ఆమె అటుకులు చెరుగుతున్నది. మోకాళ్ల నొప్పుల గురించి చెప్పింది. పాశమైలారంలో ఎవరిదో పెళ్లిలో బిర్యానీ ఉడకలేదని చెప్పింది. సమద్ కొత్త ఫిల్టరు తెప్పిస్తున్నాడని, ఇగ ఇంకా మంచిగ ఉంటాయి నీళ్లని చెప్పింది. నేను ఊఁ కొట్టి, చాయ్ తాగి వచ్చాను. గుమ్మం దాటుతుంటే, "ఏమో చెప్పొచ్చినట్టున్నవ్?" అన్నది. ఏం లేదన్నాను.

సోమవారం బడికి పోయాను. గోడకు పటం వేలాడుతున్నది. మూడో కాలువ మీద ఎర్ర పెన్సిలుతో ప్రశ్న గుర్తు పెట్టి ఉన్నది. ఆలియా ఒక్కతే లోపల కూర్చొని అన్నం డబ్బా తింటున్నది. డబ్బా పక్కన నీళ్ల సీసా, సగం తాగింది.

"రబ్బరు దే," అన్నాను.

లేచి తెచ్చి ఇచ్చింది. పాత గీత చెరిపాను. పెన్సిలు తీసుకొని లోతు తూము నుంచి గీసుకుంటూ వచ్చాను. హనుమాన్ల గుడి వెనక నుంచి, అంగన్వాడీ పక్క నుంచి, పాత కిరాణా దుకాణం వెనక్కి. అక్కడ చిన్న గుండ్రం గీశాను, ఊటబావి.

ఆలియా ఆ గుండ్రాన్ని వేలితో తడిమింది. తన ఇల్లు పటం మీద ఎక్కడ ఉన్నదో ఆ పిల్లకు ఒకరు చెప్పాలా.

"గీడ పేరు రాయాల్నా అవ్వా?"

"రాయి."

గుండ్రం పక్కన 'మా బోరు' అని రాసింది. రాసి, ఎడమచేత్తో సీసా మూత బిగించి, సంచిలో పెట్టుకుంది.

*

రెండు సీసాలు లాబ్‌కు పోయాయి. ఒకటి అంగన్వాడీ బోరుది, ఒకటి ప్లాంటులో ఫిల్టరు దాటి డబ్బాల్లో పోసేవి. జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు బేగంబీ కుర్చీ నా ఇంటి దిక్కుకు వీపు పెట్టి ఉన్నది. ఆలియా ఆ సాయంత్రమే ఇంట్లో చెప్పిందని అట్లా తెలిసింది నాకు. రెండుసార్లు ఆ గల్లీలో పోయాను. రెండుసార్లూ డబ్బాల మూతలు బిగిస్తూనే ఉన్నది, తలెత్తలేదు.

కాగితం ఇంగ్లీషులో వచ్చింది. నోరు తిరగని రెండు పేర్లు ఉన్నాయి. ఫిల్టరు ఉప్పును ఆపింది గాని వాటిని ఆపలేకపోయింది, తాగడానికి పనికిరావు అని టీచరు చదివి చెప్పింది. సమద్ ఎవరూ చెప్పకముందే ఆ రోజే మోటరు బంద్ చేశాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నెత్తి నొస్తది. పంచాయతీ ముందర జనం పోగయ్యారు. మొదట సమద్‌ను తిట్టారు. అతను, "నేను గూడ గవే తాగిన, నా బిడ్డ గూడ తాగింది," అన్నాడు. అప్పుడు టీచరు మీద పడ్డారు, బడి పిల్లలకు ఈ పెత్తనాలెందుకని. పెద్దరాములని, ప్లాట్లు అమ్మిపెట్టే ఆయన, నా దగ్గరికి వచ్చి, "ముసల్దానివి, కృష్ణా రామా అనుకొని మూలకు కూసోక గీ గీతలెందుకు గీసినవ్? ఇగ మనూర్ల ప్లాటెవడు కొంటడు?" అన్నాడు. పైన కంపెనీల పేరు ఎవరూ ఎత్తలేదు. వాళ్ల ఇండ్లల్లో సగం మంది అక్కడే పనిచేస్తారు, మా కొడుకుతో సహా. కాలుష్యం ఆఫీసు నుంచి ఇద్దరు వచ్చి వాగు కాడ సీసా నింపుకొని పోయారు. వాన పడుతున్నది కాబట్టి మళ్లీ వస్తామన్నారు. ఇంకా రాలేదు. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి, ఊరంతా బిందెలు పట్టుకొని వాటి కోసమే కొట్లాడుకుంటున్నది, ప్రతి బిందె వరుసలోనూ నా పేరు ఒకసారి వస్తుంది.

పిల్లలు మాత్రం ఎవరి మాటా పట్టించుకోలేదు. నిహారిక నన్ను రోడ్డు మీద ఆపి, "అవ్వా, ఇప్పుడు నల్లా నీళ్లు ఎక్కడికెల్లి వస్తయో గీద్దామా," అన్నది.

*

బతుకమ్మ పండుగకు వారం ముందు సమద్ సామాను డీసీఎం వ్యానులో ఎక్కించాడు. నేను ఇంట్లోనే కూర్చున్నాను. పోయేవాళ్లను చూడటానికి నాకు ఇంక బలం లేదు. గోడ దిక్కు మొహం పెట్టుకొని, బండి స్టార్టయిన చప్పుడు ఎప్పుడు వినపడుతుందా అని చెవులు పెట్టుకున్నాను. చప్పుడుకు ముందు కర్ర టకటక వినపడ్డది. బేగంబీ వచ్చి నా మంచం మీద, నా పక్కనే కూర్చుంది. నెలన్నర తర్వాత.

"పోతున్నం," అన్నది.

"తెలుసు."

"ఊరోళ్లందరు నీ మీద కోపంగున్నరు, చెప్పినవని."

"తెలుసు."

"నాది గది కాదు." కర్రను రెండు కాళ్ల మధ్య పెట్టుకొని, దాని మీద గడ్డం ఆనించింది. "చెప్పలేదని. గన్నేండ్ల సంది తెలిసి, నా చేతుల గ్లాసు తీస్కొని తాగినవ్. పండ్లు జివ్వుమన్నయి అన్నవ్. నా మనవరాలు గూడ తాగింది నర్సిమ్మా. గోడ మీద గీసినవ్, గాని నా మొహం మీద చెప్పలే."

ఉన్నదే చెప్పాను.

"చెప్తే పోతవని భయపడ్డ."

బేగంబీ నా దిక్కు తిరిగి చూసింది. నవ్విందో, మూతి తిప్పిందో తెలియలేదు. "గిప్పుడేం జేస్తున్న మరి?" అన్నది.

బయట హారన్ కొట్టారు. లేచింది. నేను చెయ్యి అందించబోతే వద్దని, కర్ర మీదే లేచింది. గడప కాడ ఆగి, వెనక్కి తిరగకుండానే, "సంగారెడ్డి ఏమన్న సౌదీనా? పటాన్‌చెరుల బస్సెక్కితె గంట గూడ పట్టది," అన్నది. రమ్మన్నట్టో, దెప్పినట్టో అర్థం కాలేదు. బండి పోయిన దాకా చూడొద్దనుకున్నాను. చూశాను.

పదిహేను రోజులు ఆగి, పోయిన ఆదివారం పోయాను. పటాన్‌చెరులో బస్సు కోసం నిలబడి నిలబడి నడుము పడిపోయింది. ఒక కండక్టరు ఎక్కనియ్యలేదు, ఇంకో కండక్టరు సంగారెడ్డి అంటే కొత్త బస్టాండా పాత బస్టాండా అని తగవు పెట్టుకున్నాడు. దిగినాక ఆటో అతను మూడు గల్లీలు తిప్పి, మొదటి గల్లీలోనే దింపాడు. ఇల్లు దొరికేసరికి నాకు ఎవరి మీద కోపమో గూడ మర్చిపోయాను.

బేగంబీ వాకిట్లోనే ఉన్నది. కూర్చోమనలేదు. నా చెయ్యి పట్టుకొని ఇంటి వెనక్కి తీసుకుపోయింది. అక్కడ ఇనుప మూతతో ఒక బోరు ఉన్నది, పక్కన నల్లా. కర్రతో బోరు మూతను తట్టింది.

"చెప్పు. గివి ఎక్కడి నీళ్లు?"

"ముందుగాల జెర చాయ్ పొయ్యరాదు బేగం, పొద్దటి సంది..."

"చాయ్ తర్వాత. చెప్పు."

చుట్టూ చూశాను. నాలుగు దిక్కులా మూడంతస్తుల ఇండ్లు. నేల ఎత్తెక్కడో పల్లమెక్కడో కనపడదు. ఈ ఊరికి ఏ చెరువులు ఉన్నాయో, తూములు ఎటు తిరిగాయో, ఎవరు నీరటిగా ఉండేవారో నాకేం తెలుసు. మంచియే ఉంటాయిలే అని నాలుక చివరిదాకా వచ్చింది. అట్లా అంటే ఆమె ఊరుకుంటుంది, నేను కూర్చుంటాను, చాయ్ వస్తుంది.

"నాకు తెల్వదు," అన్నాను.

బేగంబీ నా మొహంలోకి చూసింది, డబ్బా మూతను తట్టి చూసినట్టు. తర్వాత కర్ర తిప్పుకొని, "లోపలికి నడువు," అన్నది.